సముద్ర డ్రిల్లింగ్ రిగ్గు

సముద్ర డ్రిల్లింగ్ రిగ్గు అనగా సముద్రగర్భంలోని చమురు, సహజవాయు నిక్షేపాలను అన్వేషించి బావులు తవ్వుటకు ఉపయోగించే, ఒక చోటి నుండి మరొక చోటికి తరలించగల కట్టడము. బావి పూర్తికాగానే దీనిని మరొక చోటికి తీసుకొనిపోతారు. ఉత్పత్తి కొరకు ఒకే చోట స్థిరంగా నిర్మించే వేదికలు వేరు. ఆంధ్రప్రదేశ్ తీరంలోని కృష్ణా గోదావరి బేసిన్‌లో ఈ రిగ్గుల వాడకం విస్తృతంగా ఉన్నది.

రకాలు

* జాకప్ రిగ్గు: దీనికి సాధారణంగా మూడు పొడవైన కాళ్ళు ఉంటాయి. తేలుతూ వచ్చి, కాళ్ళను సముద్రపు అడుగున ఆనించి, వేదికను అలలకు అందనంత ఎత్తుకు లేపుకుంటుంది. సుమారు 120 నుండి 150 మీటర్ల లోతు వరకు మాత్రమే పనికివస్తుంది. 1974లో బొంబాయి హై చమురును కనుగొన్న సాగర్ సమ్రాట్ ఈ రకానికి చెందినదే.
* సెమీ సబ్‌మెర్సిబుల్: నీటిలో మునిగి ఉండే పెద్ద తొట్ల మీద స్తంభాలు, వాటిపై వేదిక ఉంటాయి. తొట్లు అలల తాకిడికి దిగువన ఉండుట వలన ఊగిసలాట తక్కువ.
* డ్రిల్ షిప్: నడుమ రంధ్రము గల ఓడ. ఉపగ్రహ సంకేతాల ఆధారంగా చోదకాలను తిప్పుతూ, లంగరు లేకుండానే బావిపై నిలువగలదు. 2013లో ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ 1 అనే డ్రిల్ షిప్ బంగాళాఖాతంలో 3,165 మీటర్ల నీటిలోతులో బావి తవ్వినది. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

పనిచేసే విధానము

కడప జిల్లా కమలాపురం వంటి మెట్ట ప్రాంతాలలో బోరుబావులు తవ్వే లారీ రిగ్గు రాతిపొడిని గాలి ఒత్తిడితో పైకి ఊదివేస్తుంది. చమురుబావిలో ఇది ప్రమాదకరం. అడుగున అధిక పీడనంతో ఉన్న వాయువు పైకి తన్నుకురాకుండా బావిని ఎల్లప్పుడు బరువైన ద్రవంతో నింపి ఉంచాలి. దీనిని డ్రిల్లింగ్ మడ్డి అంటారు. ఇది గొట్టం లోపలి నుండి దిగి, తవ్విన రాతిముక్కలను వెలుపలి సందు గుండా పైకి తెస్తుంది.

మడ్డికి బరువునిచ్చేది ముగ్గురాయి (బెరైటీస్). ఇది నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైనది. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఒకటి ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో కలదు. 2022 జిల్లాల పునర్విభజన వరకు ఈ మండలం కడప జిల్లాలో ఉండేది. కమలాపురం మీదుగా సాగే గుంతకల్లు - రేణిగుంట రైలుమార్గంలోనే ఓబులవారిపల్లె ఉన్నది. ఈ విధంగా సముద్రానికి దూరమైన రాయలసీమ రాయి సముద్రపు బావులకు రక్షణగా నిలుస్తున్నది.

భద్రత

మడ్డి బరువు చాలనప్పుడు వాయువు బావిలోకి చొరబడుతుంది. అప్పుడు బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే కవాటాల సముదాయము బావిని మూసివేస్తుంది. తప్పనిసరి అయితే గొట్టాన్ని కూడా కోసివేస్తుంది. ఈ రెండు రక్షణలూ విఫలమైతే బ్లోఅవుట్ సంభవిస్తుంది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుపై జరిగిన పేలుడులో 11 మంది మరణించారు. 1995లో తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడిలో నేలపైని బావిలో లేచిన మంటలు ఆరుటకు రెండు నెలలకు పైగా పట్టినది.

రెండవ ముప్పు తుపాను. 1989 నవంబరు 3న థాయిలాండ్ సింధుశాఖలో సీక్రెస్ట్ అనే డ్రిల్ షిప్ గే తుపానులో తలక్రిందులై 91 మంది మృతిచెందారు. అదే తుపాను బంగాళాఖాతంలోకి ప్రవేశించి, కొద్దిరోజులకు నెల్లూరు జిల్లా కావలి వద్ద తీరం దాటినది. తుపాను సూచన అందగానే తేలే రిగ్గులు బావిని మూసి, గొట్టాన్ని విడదీసి తొలగిపోవచ్చు. జాకప్ రిగ్గును అంత త్వరగా కదల్చలేరు. కనుక బావిని మూసి, సిబ్బందిని హెలికాప్టర్లలో ఒడ్డుకు చేరుస్తారు. ఈ నిర్ణయంలో ఆలస్యం ప్రాణాంతకం.

నియమాలు

రిగ్గుల నిర్మాణానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1979లో ప్రత్యేక నియమావళిని ఆమోదించి, 1989, 2009 సంవత్సరాలలో సవరించినది. భారతదేశంలో 2008 నాటి సముద్ర కార్యకలాపాల భద్రతా నియమాల అమలును చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ పర్యవేక్షిస్తుంది.