పొరుగింటి కుక్క మొరుగుతుంటే...



రాత్రి పన్నెండవుతుంది. పగలంతా పనిచేసి అలసిన ఇల్లాలు అప్పుడే కన్ను మూస్తుంది. అంతలో పొరుగింటి గేటు దగ్గర కుక్క అందుకుంటుంది. దానికి వీధి చివరి కుక్క బదులిస్తుంది. పక్క గదిలో అత్తగారు లేచి కూర్చుంటారు. తెల్లవారితే పరీక్ష ఉన్న పిల్లవాడు చెవులమీద దిండు అదుముకుంటాడు. మొరిగే కుక్క కరవదంటారు గాని, మొరిగే కుక్క నిద్ర కూడా పోనివ్వదు! ఈ బాధ గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

పట్నం నుంచి బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడన పడమరగా వెళితే మొయినాబాద్, ఆ తరువాత చేవెళ్ల వస్తాయి. చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లినవాళ్లకు ఆ వైపు తెలిసే ఉంటుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల నీళ్లు పాడవకుండా 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, 84 గ్రామాలలో పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ హద్దులు పెట్టింది. ఆ వైపున తోటలూ, తోటల్లో ఇళ్లూ ఎక్కువ. చాలామంది యజమానులు పట్నంలో ఉంటారు, ఆదివారం వచ్చిపోతారు. మిగిలిన ఆరురోజులూ ఇంటికి దిక్కు ఒక కాపలా మనిషీ, ఒక కుక్కా. ప్రశాంతంగా ఉంటుందని అక్కడే ఇల్లు కట్టుకుని కాపురం పెట్టిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ ప్రశాంతతే ఒక్కోసారి చిక్కు తెచ్చిపెడుతుంది.

అదెలాగంటారా? పట్నంలో బస్సుల రొదలో, ఆటోల మోతలో ఒక కుక్క అరుపు కలిసిపోతుంది. ఊరి బయట నిశ్శబ్దంలో అదే అరుపు విడిగా వినిపిస్తుంది. పైగా రాత్రివేళ నేలను ఆనుకున్న గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికే వంగి, దూరం పాకుతుంది. అందుకే రెండు తోటల అవతల కుక్క మొరిగినా మన కిటికీ కిందే ఉన్నట్టుంటుంది.

ఆ వైపునే కాపురముంటున్న నాకు తెలిసిన ఒక ఇల్లాలు ఈ గోల మూడు నెలలు భరించింది. బీపీ ఉన్న మామగారికి నిద్ర కరువైంది. ఎవరో పెద్దమనిషి, "అన్నంలో ఏదైనా కలిపి పడేయండమ్మా, పీడ విరగడవుతుంది" అన్నాడట. ఆవిడ ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఆ తోటకు వెళ్లి చూసింది. గేటు పక్కన రేకుల షెడ్డు, మూరెడు గొలుసు, ఒలికిపోయిన నీళ్ల గిన్నె. కటకటాల్లోంచి దారిన పోయే ప్రతి మనిషీ, ప్రతి బండీ దానికి కనిపిస్తున్నాయి. "నాకు కోపం పోయిందండీ, సిగ్గేసింది" అని చెప్పింది నాతో.

అసలు విషయమంతా అక్కడే ఉంది. కుక్క ఊరికే మొరగదు. కొత్తవాళ్లు వస్తే మొరుగుతుంది, భయమేస్తే మొరుగుతుంది, ఇంకో కుక్క పలికితే బదులిస్తుంది. అంతకన్నా ఎక్కువగా, ఒంటరిగా కట్టేసి ఉంచితే తోచక మొరుగుతుంది. మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలిగితే, కుక్క చెవి 45,000 దాకా వింటుందట. మనకు వినపడనివి కూడా దానికి వినిపిస్తాయి. ముసలితనం, ఒంటినొప్పి, గోమార్లు కూడా అరిపిస్తాయి. కనుక హఠాత్తుగా అరుపు ఎక్కువైతే ముందు పశువైద్యుడికి చూపించాలి.

మరి కుక్కను పెంచేవాళ్లు చేయవలసిందేమిటి? దాని చోటు గేటు దగ్గర నుంచి ఇంటి వెనక్కి మార్చాలి. కటకటాలకు రేకో, తడికో అడ్డం కడితే సగం గోల తగ్గుతుంది. పొద్దునా సాయంత్రమూ కనీసం అరగంట తిప్పాలి; ఒళ్లు అలిసిన కుక్క రాత్రి నిద్రపోతుంది. వీలైతే రాత్రి వరండాలోకో లోపలికో తీసుకోవాలి. ఇక మొరుగుతున్నప్పుడు మనం "ఛీ, నోర్ముయ్!" అని కేకలేస్తే, యజమాని కూడా తనతో కలిసి మొరుగుతున్నాడనుకుంటుంది సుమా! నెమ్మదిగా "చాలు" అని, అది నోరు మూసిన క్షణంలో చిన్న రొట్టెముక్క ఇవ్వాలి. రోజూ అలా చేస్తే కొన్ని వారాలలో మాట వింటుంది.

బాధపడేవాళ్లం మనమైతే, ముందు వారం రోజులు ఏ వేళకు, ఎంతసేపు, దేనికి మొరుగుతోందో ఒక కాగితం మీద రాసుకోవాలి. నిద్ర చెడిన కోపంతో అర్ధరాత్రి తలుపు తట్టకూడదు. సాయంత్రం పూట వెళ్లి, "వదినగారూ, మీ కుక్క రాత్రి రెండింటికి తెగ మొరుగుతోంది, దానికేమైనా బాధేమో చూడండి" అంటే ఎవరూ కాదనరు. పగలంతా ఇంట్లో లేనివాళ్లకు తమ కుక్క అరుస్తోందన్న సంగతే తెలియకపోవచ్చు. తోట కాపలావాళ్ల మీద విరుచుకుపడితే లాభం లేదు. గొలుసు విప్పే అధికారం వాళ్లకుండదు. యజమానితోనే మాట్లాడాలి.

మంచిమాట చెల్లకపోతే చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కుక్కను మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచి తిప్పకపోవడం నేరం. 2000 సంవత్సరపు ధ్వని నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ పరిమితిగా పెట్టాయి. స్థానిక కార్యాలయంలోనూ, పోలీసు స్టేషన్లోనూ రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మనం రాసుకున్న కాగితం అప్పుడు పనికొస్తుంది. వీధికుక్కల బెడదైతే, 2023 నియమాల ప్రకారం వాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. విషం మాట మాత్రం తలపెట్టకండి. అది పాపమే కాదు, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడదగ్గ నేరం.

ఇంతకీ ఆ ఇల్లాలి సంగతి చెప్పలేదు కదూ? ఆదివారం యజమానురాలు వచ్చినప్పుడు వెళ్లి మాట్లాడింది. ఆవిడ మొదట ముఖం ముడుచుకున్నా, గొలుసు చూసి నొచ్చుకుంది. షెడ్డు వెనక్కి మారింది, కాపలావాడి కొడుకు రోజూ సాయంత్రం కుక్కను తోటంతా తిప్పుతున్నాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు మొరుగుతుందట. కుక్క అన్నాక ఆ మాత్రం మొరగదూ? మామగారు మాత్రం నిద్రపోతున్నారు.

కుక్కను పెంచుకునే హక్కు వాళ్లకుంది, నిద్రపోయే హక్కు మనకుంది. నోరున్న మనమే మాట్లాడుకోకపోతే, నోరులేని ఆ జీవి మాత్రం ఏం చేస్తుంది చెప్పండి? రాత్రంతా మొరుగుతుంది.