హెర్మయనీ కన్య సరే, మరి రాన్?

మా గ్రూప్‌లో ఈ మధ్య ఒకటే ఆట: ఏ క్యారెక్టర్‌ది ఏ రాశి? హెర్మయనీ పుట్టింది సెప్టెంబర్ 19న, అంటే కన్య. పద్ధతి, చదువు, తప్పు కనిపిస్తే ఊరుకోలేకపోవడం... అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. హ్యారీ జూలై 31, సింహం. ధైర్యం ఉంది కదా, ఓకే. మరి రాన్? మార్చి 1, మీనం. మీనం వాళ్ళు కలల్లో తేలుతుంటారట. చదరంగంలో అందర్నీ గెలిపించిన రాన్‌కి అదెలా కుదురుతుంది? "లోపల సెన్సిటివ్‌లే" అని మనమే అతికించేస్తాం.

అసలు కిటుకు ఆ అతికించడంలోనే ఉంది. 1948లో బర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన స్టూడెంట్స్‌కి పర్సనాలిటీ టెస్ట్ పెట్టి, అందరికీ ఒకే రిజల్ట్ ఇచ్చాడు. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోవి. మీకెంత సరిపోయిందంటే, సగటున 5కి 4 దాటి మార్కులేశారు!

తేదీని బట్టి చెప్పే రాశి పడమటి లెక్క. మన లెక్క చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టి. అందులోనూ చూద్దాం. వాల్మీకి రామాయణంలో లక్ష్మణుడిదీ శత్రుఘ్నుడిదీ ఒకటే నక్షత్రం, ఆశ్లేష. శత్రుఘ్నుడూ మంథరను ఈడ్చాడు కాబట్టి కోపం కలిసిందనుకోండి. కానీ ఒకడు రాముడి వెంట అడవికెళ్ళాడు, ఇంకొకడు భరతుడి దగ్గర ఉండిపోయాడు. ఇది ఏ నక్షత్రం చెప్పింది?

కథల వరకు సరదాయే. మినీ ప్రాజెక్ట్ టీమ్‌లోకి "వృశ్చికం వద్దురా, పగబడతారు" అన్నవాళ్ళు కూడా మా క్లాసులో ఉన్నారు. ఆ అమ్మాయి రాసిన కోడ్ మాత్రం ఒక్కరూ తెరిచి చూడలేదు.