సర్వరునందు లినక్సు స్థాపనము

పాఠశాలలోని కంప్యూటరులకు దస్త్రముల నందించు యంత్రమును సర్వరందురు. ఈ సెలవులలో మేము మా సర్వరునందు డెబియను లినక్సును స్థాపించితిమి. లినక్సును 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దీనికి వెల లేదు. పెన్‌డ్రైవుపై దానిని వ్రాసి, సర్వరును దానినుండి ప్రారంభించినచో, ప్రశ్నలు తెరపై వరుసగా వచ్చును. పెక్కింటికి సమాధానము సులభము.

డిస్కును విభజించు ఘట్టమొక్కటియే భయము గొలుపునది. అచ్చట అంగీకరించినంతనే పూర్వపు దస్త్రములు చెరిగిపోవును. పిల్లల మార్కుల పట్టికలు వానిలోనివే గదా! కావున ముందుగా వాని ప్రతులను వేరొక డిస్కున కెత్తి, తెరచి చూచి, పిమ్మటనే సాగితిమి. విద్యార్థుల దస్త్రములకు హోమ్ అను భాగమును వేరుగా నుంచితిమి. లినక్సును మరల స్థాపింపవలసివచ్చినను దానిని చెరుపనక్కరలేదు. సొగసైన చిత్రముల తెర సర్వరున కనవసరము (బాలురకు నిరాశయే!); దూరమునుండి నడపుటకు ఎస్‌ఎస్‌హెచ్ చాలును. రూటు అను సర్వాధికారి పాస్‌వర్డు ప్రధానోపాధ్యాయుల బీరువాలో, ముద్రవేసిన కవరునందున్నది.