దారిగా తెలిసిన లోకం

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ దాదాపు 8,000 ప్రదేశాలకు అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టి ఒక గ్రంథం రాశాడు. అందులో కృష్ణా తీరపు మైసోలియా ఉంది. మన ఘంటసాల అని పండితులు గుర్తించిన కొంటకొస్సిల ఉంది. అయితే ఆ అంకెలతో పటం గీస్తే భారత ద్వీపకల్పం దాదాపు మాయమవుతుంది. తీరం దక్షిణానికి దిగకుండా పడమటి నుంచి తూర్పుకు సాగిపోతుంది. శ్రీలంక ఉన్నదానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అంతటి గణితవేత్త లెక్క రాక పొరబడలేదు. ఆయనకు అందిన సమాచారమే వేరే రూపంలో ఉంది. ఓడల వాళ్లు దేశాల ఆకారం చెప్పలేదు. ఫలానా రేవు దాటాక ఫలానా రేవు, మధ్యలో ఇన్నాళ్ల ప్రయాణం అన్నారు. గాలి మారితే ఆ రోజులూ మారతాయి. రోజులను డిగ్రీలుగా మార్చే చోటే పటం దెబ్బతింది. ఈ చిక్కు టాలెమీకి తెలుసు. ఆయనకు ముందు భూగోళవేత్త మరినస్ అప్పటికి తెలిసిన లోకాన్ని 225 డిగ్రీల వెడల్పుకు సాగదీస్తే, దారి వంకరలను, గాలి ఒడుదుడుకులను లెక్కలోంచి తీసి ఈయన 180కి కుదించాడు. అదీ ఎక్కువే.

ఇంతకీ నావికులకు తెలిసిందేమిటి? ఒకటో శతాబ్దపు గ్రీకు గ్రంథం 'పెరిప్లస్' చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఈజిప్టు నుంచి ఏ నెలలో బయలుదేరాలి, ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుంది అన్నీ వరసలో ఉంటాయి. మసాలియాలో, అంటే మన మచిలీపట్నం వైపు, సన్నని నూలు బట్ట నేస్తారని ఉంది. కచ్ తీరం దగ్గరపడితే నీళ్లలో పెద్ద నల్లని పాములు కనిపిస్తాయట. భరుకచ్ఛం (నేటి భరూచ్) వైపు వెళితే అవి చిన్నవిగా, పచ్చగా ఉంటాయట. నేల కనపడకముందే పాము రంగును బట్టి తీరాన్ని గుర్తుపట్టిన మనుషులకు భూగోళం తెలియదని ఎలా అనగలం?

నేల మీదా ఇదే పద్ధతి. పారశీకుల రాజమార్గం సార్డిస్ నుంచి సూసా దాకా 111 మజిలీలని, 90 రోజుల నడక అని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. 1852లో ఇటలీలోని వికారెల్లో వేడినీటి ఊట దగ్గర దొరికిన నాలుగు వెండి పాత్రల మీదైతే, స్పెయిన్‌లోని గాదెస్ నుంచి రోమ్ దాకా నూటికి పైగా మజిలీల పేర్లు, దూరాలు చెక్కి ఉన్నాయి. బొమ్మ లేదు, దిక్కులు లేవు. ప్రయాణికుడికి వాటి అవసరమూ లేదు.

ఈ ఆలోచన పటంగా మారితే ఎలా ఉంటుందో వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో చూడవచ్చు. పాయిటింగర్ పటం అని పేరు. రోమన్ రహదారుల పటానికి 1200 ప్రాంతంలో తోలు మీద తీసిన ప్రతి ఇది. పొడవు ఆరున్నర మీటర్లకు పైమాటే, ఎత్తు మూరెడైనా లేదు. మధ్యధరా సముద్రం కాలువంత సన్నగా, ఇటలీ అడ్డంగా సాగి ఉంటాయి. కానీ ఎర్రగీతల దారుల మీద దాదాపు ప్రతి మజిలీకీ పేరు, తర్వాతి మజిలీకి దూరం రాసి ఉంటాయి. దూరాలు ఎక్కువగా రోమన్ మైళ్లలో, గాల్ దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) అక్కడి లీగుల్లో. నా దృష్టిలో దీన్ని తప్పుల పటం అనడం అన్యాయం. అది దారి చెప్పడానికి పుట్టింది, ఆ పని చేసింది.

దీని చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. రోమ్ దగ్గర మొదలుపెట్టి ఎర్రగీతల వెంట తూర్పుకు వెళ్లండి. చివరన కేరళ తీరపు ముజిరిస్, దాని పక్కనే అగస్టస్ ఆలయం కనిపిస్తాయి.