తిరగని షాఫ్టు

ట్రాక్టరు అనగానే మనకు దాని పెద్ద చక్రాలే గుర్తుకు వస్తాయి. అసలు పనితనం చాలావరకు దాని వెనక వుంది. అక్కడ సుమారు 35 మిల్లీమీటర్ల లావున, నిలువునా ఆరు పళ్ళున్న ఉక్కు షాఫ్టు వొకటి బయటికి పొడుచుకొని వుంటుంది. దాన్నే పి.టి.ఓ. అంటారు. యింజను బలాన్ని రోటవేటరుకో, నూర్పిడి మిషనుకో అందించేది అదే. దాని వేగం నిమిషానికి 540 చుట్లు.

తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు యీ గొడవ ఎందుకంటారా? తొలకరిలో మా తమ్ముడి చేలో దమ్ము చేస్తూండగా రోటవేటరు ఆగిపోయింది. కాలవ నీరు నిండుగా వుంది. నారు ముదురుతోంది. మర్నాటి వూడ్పుకు కూలీలతో మాట అయిపోయింది. కంగారులో డ్రైవరు యింజను నడుస్తూండగానే దిగి షాఫ్టు మీదికి వంగబోయాడు.

"ముందు యింజను ఆపరా! తాళం చెవి నా చేతికియ్యి!" అని మా తమ్ముడు గట్టుమీదనుంచి కేకవేశాడు.

తిరిగే షాఫ్టుకు ఎవరైనా దూరంగానే వుంటారు. నమ్మించి మోసం చేసేది ఆగిన షాఫ్టే. లివరు వేసివున్నప్పుడు, ఇరుక్కున్నది కాస్త వదిలిందా, సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పంచె చెంగు గాని, తువ్వాలు గాని చుట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకొనే వ్యవధి వుండదు.

తరవాత మా తమ్ముడు వరసగా చూసుకొంటూ వచ్చాడు. మొదట లివరు. కొన్ని బళ్ళలో దాన్ని చక్రాల వేగాన్నిబట్టి షాఫ్టు తిరిగే స్థానంలో కూడా వేయవచ్చు. అక్కడ వుంటే, బండి నిలిచినప్పుడు షాఫ్టు కదలదు. అది జబ్బు కాదు.

లివరు సరిగానే వుంది. యింజను ఆపే వుంచి, రోటవేటరుకు పోయే జాయింటు షాఫ్టును వూడదీశాడు. అందరినీ దూరంగా నిలబెట్టి బండి స్టార్టు చేయించాడు. ట్రాక్టరు షాఫ్టు చక్కగా తిరిగింది! అంటే లోపం రోటవేటరు వైపు వున్నదన్నమాట. మళ్ళీ యింజను ఆపి చూస్తే, గట్టువార తుమ్మవేరు తగిలి షేరు బోల్టు తెగివుంది.

ఆ బోల్టు తెగడానికే పెట్టింది. మన యింట్లో ఫ్యూజు తీగ లాంటిది. తెగుతోంది గదా అని గట్టి బోల్టు బిగిస్తే, ఈసారి తెగేది గేరుపెట్టె పళ్ళు.

ట్రాక్టరు షాఫ్టే తిరక్కపోతే క్లచ్చును అనుమానించాలి. జోడు క్లచ్చు బళ్ళలో పెడలు సగం తొక్కితే చక్రాలూ, పూర్తిగా తొక్కితే షాఫ్టూ ఆగుతాయి. పెడలుకు కావలసిన వదులు లేకపోతే ప్లేటు పట్టు తప్పుతుంది. షాఫ్టు ఖాళీగా తిరిగి, బరువు పడగానే ఆగితే ప్లేటు జారుతోందని గుర్తు. స్విచ్చుతో పనిచేసే కొత్తరకం బళ్ళలో ముందు ఫ్యూజూ, ఆయిలూ చూసుకోవాలి. ఆపైన అది మెకానిక్కు పని.

కొత్త ట్రాక్టరు వస్తే పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. మంచిదే. ఆ షాఫ్టు మీది ప్లాస్టిక్కు తొడుగు పగిలిపోతే మాత్రం ఏళ్ళ తరబడి అలాగే నడిపిస్తాం. దిష్టి తీసేవాళ్ళు ఆ తొడుగు కూడా వొకసారి చూస్తే, యింటిల్లిపాదికీ క్షేమం.