గ్యాసు బట్టీ దగ్గర నేను నేర్చుకున్న జాగ్రత్తలు



వేసవి సెలవుల్లో నేను మా అన్న దగ్గర పది రోజులు ఉన్నాను. అన్న ఒక కుండల షెడ్డులో పని చేస్తున్నాడు. మన సంతకు వచ్చే కుండల్ని ఆవంలో కట్టెలు, పిడకలు పేర్చి కాలుస్తారు కదా. అక్కడ మాత్రం గ్యాసు బట్టీ ఉంది. ఇనుప పెట్టె, లోపల వేడికి తట్టుకునే ఇటుకలు, అడుగున బర్నర్లు, పైన పొగగొట్టం. మట్టి సామాను అందులో 900 నుంచి 1,000 డిగ్రీల వేడికి కాలుతుంది.

రెండో రోజు అన్న బర్నరు వెలిగించాడు. గాలికి మంట ఆరిపోయింది. గ్యాసు కట్టకుండానే అన్న మళ్లీ అగ్గిపుల్ల తీశాడు. "ఆగరా! గియ్యకు!" అని మేస్త్రి తాత కేక వేసి చెయ్యి పట్టుకున్నాడు. గ్యాసు కట్టేసి, బట్టీ తలుపు బార్లా తీసి, మమ్మల్ని బయటికి పంపేశాడు. చాలాసేపు ఎవ్వర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ పూట అన్న అన్నం సరిగా తినలేదు. "తాత చూడకపోతే ఏమైపోదునో" అన్నాడు.

అంత భయం ఎందుకని నేను తాతను అడిగాను. సిలిండరు గ్యాసు గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు. నీళ్లలాగా కిందికి దిగి, మూలల్లో నిలబడుతుంది. మంట ఆరినా గ్యాసు వస్తూనే ఉంటే బట్టీ అంతా నిండుతుంది. అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది.

తాత చెప్పినవి నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

1. వెలిగించేటప్పుడు బట్టీ తలుపు తీసి ఉంచాలి. ముందు నిప్పు, తర్వాత గ్యాసు. ముందే గ్యాసు వదలకూడదు.
2. మంట ఆరితే వెంటనే గ్యాసు కట్టాలి. లోపల గ్యాసు పూర్తిగా పోయాకే మళ్లీ వెలిగించాలి.
3. సిలిండరు నిలబెట్టే ఉంచాలి, బట్టీకి దూరంగా ఉంచాలి. పైపుల అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి చూడాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్లే. అగ్గిపుల్లతో చూడరాదు.
4. పచ్చికుండను చెంపకు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉందన్నమాట. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. అందుకే తడికుండకు ఒక్కసారిగా వేడి పెడితే పగిలి ముక్కలు ఎగురుతాయి. మొదట చిన్న మంటే పెట్టాలి.
5. మూసిన షెడ్డులో కాల్చరాదు. గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వస్తే వెంటనే బయటికి రావాలి.
6. నూలు బట్టలే కట్టుకోవాలి. జుట్టు ముడి వేసుకోవాలి. మండుతున్న బట్టీని వదిలి ఎక్కడికీ పోరాదు. బాగా చల్లారేదాకా తలుపు తీయరాదు.

మనకు బట్టీ లేదు కదా, ఇదంతా ఎందుకు అంటారేమో. మన వంటశాలలో ఉన్నదీ సిలిండరు గ్యాసే. ఎలుకలు రాకుండా సిలిండర్ల గది తలుపు కింది సందులో గోనెసంచి కుక్కింది మనమే. నేనూ కుక్కాను. లీకైతే గ్యాసు బయటికి పోవాల్సిన దారి అదే అని ఇప్పుడు తెలిసింది. సెలవుల నుంచి వచ్చిన రోజే ఆ సంచి తీసేశాను. అక్కడ ఇనుప జాలీ కొట్టిస్తే ఎలుకలూ రావు, గాలీ ఆడుతుంది. వార్డెన్ సారు దయచేసి జాలీ పెట్టించాలని కోరుతున్నాను.

మిత్రులారా, గ్యాసుకు సొంతంగా వాసన ఉండదు. మనకు తెలియాలనే అందులో ఘాటు వాసన కలుపుతారు. ఆ వాసన వస్తే లైటు స్విచ్చి వేయకండి, ఉన్నది ఆర్పకండి. తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చి పెద్దవాళ్లకు చెప్పండి. గ్యాసు లీకుకు ఫోను చేయాల్సిన నంబరు 1906. వంట అక్కకు కూడా ఈ కాగితం చదివి వినిపించండి.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి మిత్రుడు