ఎముకకు పాకిన క్యాన్సర్ – చిట్టెలుక సాక్ష్యం

క్యాన్సర్ పుట్టిన చోటనే నిలిచి ఉంటే, దానిని శస్త్రచికిత్సతో తొలగించే అవకాశం ఎక్కువ. అది రక్తంలో ప్రయాణించి వేరొక అవయవంలో స్థిరపడినప్పుడే ప్రాణాపాయం పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ తరచుగా ఎముకలను ఆశ్రయిస్తాయి. భరింపరాని నొప్పి, స్వల్పమైన దెబ్బకే ఎముక విరగడం దాని పర్యవసానాలు. ఇన్ని అవయవాలుండగా ఎముకనే ఎందుకు ఎంచుకుంటుందన్నది శాస్త్రజ్ఞులను చిరకాలంగా వేధించిన ప్రశ్న.

1889లో ఆంగ్ల వైద్యుడు స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది శవపరీక్షల వివరాలను పరిశీలించి, క్యాన్సర్ కణాన్ని విత్తనంతోను, అవయవాన్ని నేలతోను పోల్చాడు. విత్తనం ఎక్కడైనా రాలవచ్చును. మొలిచేది మాత్రం తగిన నేలలోనే. ఈ సత్యం మన రైతుకు క్రొత్త కాదు. అయితే శవపరీక్ష పంట చివరి దశనే చూపుతుంది. మొలక ఎలా వచ్చిందో చూడాలంటే సజీవ ప్రాణి కావాలి.

అందుకు ముఖ్యంగా ఉపకరించినది, 1966లో ఫ్లానగాన్ వర్ణించిన వెంట్రుకలు లేని చిట్టెలుక. దానికి థైమస్ గ్రంథి సరిగా ఏర్పడదు. కనుక మానవ కణాలను దాని శరీరం తిరస్కరించలేదు. క్యాన్సర్ కణాలను సిరలోనికి ఎక్కిస్తే అవి చాలావరకు ఊపిరితిత్తులలోనే చిక్కుకుంటాయి. అందువల్ల వాటిని గుండె ఎడమ జఠరికలోనికి సూదితో పంపుతారు. అవి ధమనుల ద్వారా ఎముకలను చేరుతాయి. కొన్ని వారాలకు ఎక్స్‌రేలో ఎముక కరిగిన గుర్తులు కనిపిస్తాయి.

ఈ పరిశోధనల వలన ఒక విషవలయం బయటపడింది. రొమ్ము క్యాన్సర్ కణాలు స్రవించే ఒక ప్రోటీను, ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు పెరిగేటట్లు చేస్తుంది. కరిగిన ఎముక నుండి వెలువడే వృద్ధి కారకాలు క్యాన్సర్‌కే ఎరువవుతాయి. 1996లో థెరిసా గైజ్ బృందం ఆ ప్రోటీనును ప్రతిరక్షకంతో అడ్డుకొనగా, చిట్టెలుకలలో ఎముకల వినాశం తగ్గింది. నేడు రోగులకిచ్చే బిస్‌ఫాస్ఫొనేట్లు, 2010లో అమెరికాలో ఈ అవసరానికి ఆమోదం పొందిన డెనోసుమాబ్ ఆస్టియోక్లాస్ట్‌లనే అదుపు చేస్తాయి. ఇవి ఎముకల విరుగుడును తగ్గిస్తాయే గాని వ్యాధిని నిర్మూలించవు.

చిట్టెలుక సాక్ష్యానికి పరిమితులున్నాయి. కణాలను నేరుగా రక్తంలోనికి ఎక్కించడం వలన, అవి పుట్టిన గడ్డ నుండి విడివడే తొలి దశ కనిపించదు. రోగనిరోధక శక్తి లోపించిన ప్రాణి, మన శరీరం జరిపే పోరాటాన్ని పూర్తిగా చూపలేదు. మానవునిలో ప్రోస్టేట్ క్యాన్సర్ సాధారణంగా ఎముకను అస్తవ్యస్తంగా పెంచుతుంది. కాని పరిశోధనశాలలో విరివిగా వాడే కణాలలో కొన్ని చిట్టెలుక ఎముకను కరిగిస్తాయి. అందుచేత చిట్టెలుకలో ఫలించిన ప్రతి మందూ మనిషిలో ఫలిస్తుందని ఆశించరాదు.

మూగజీవి బాధను మనం విస్మరించరాదు. సాధ్యమైన చోట ప్రత్యామ్నాయం వెదకాలని, జంతువుల సంఖ్యను, వాటి బాధను తగ్గించాలని రస్సెల్, బర్చ్ 1959లో బోధించారు. మన దేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడ ప్రయోగాలలో అనవసరమైన బాధను నివారించాలని నిర్దేశిస్తున్నది. రేపు ప్రయోగశాలలో అడుగిడబోయే విద్యార్థులమైన మనం, ప్రయోగానికి పూనుకొనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ ప్రయోగం నిజంగా రోగికి ఉపకరించే ప్రశ్ననే అడుగుతున్నదా? ఆ సమాధానం ఈ ప్రాణి లేకుండా లభించదా?